వదిన నిలబడే మూల

పాదరసానికి కాళ్లు ఒకచోట నిలవవు. నోరు అంతకన్నా నిలవదు. కాళ్ల పుణ్యమా అని బస్సు డిపో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టులో ఆమెకు ఆ పేరూ, పేరుతో పాటు చప్పట్లూ వచ్చాయి. నోటి పుణ్యమా అని ఆ బుధవారం సాయంత్రం వాళ్ల వదిన కొంప మునిగింది.

ప్రాక్టీసు అప్పుడే అయింది. అందరూ కోర్టు గట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. డిపో మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడేం కాదు, అంకెలు తప్ప ఇంకేదీ కంటికి ఆనని మనిషి, అంతే. పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చిందని చెప్పాడు. ఆట పేరు చెప్పి పగటి షిఫ్టులో ఉంటున్నవాళ్లు ఎక్కువయ్యారట, ఒకరిని రాత్రి షిఫ్టుకు మార్చమన్నారట. రాత్రి షిఫ్టు వాళ్లకు జట్టులో చోటుండదు.

"ఎవరైతే మీ ఆటకి పెద్దగా లోటుండదు?" అని నవ్వుతూ అడిగాడు, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా.

ఇలాంటి ప్రశ్నకు మాట్లాడకూడదని అక్కడ అందరికీ తెలుసు, ఒక్క పాదరసానికి తప్ప.

"మా వదిన జెర్సీ అయితే నెలకోసారి ఉతికినా చాలు సార్. చెమట పడితే కదా."

అందరూ నవ్వారు. టైర్ల సెక్షన్ కొండక్క నవ్వుకి గట్టు అదిరింది. మేనేజరూ నవ్వాడు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే, విప్పుతున్న లేసును మళ్లీ ముడి వేసుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆటంతా వదిన కుడివైపు మూలలో, పక్కగీతా వెనకగీతా కలిసేచోట నిలబడి ఉంటుంది. అవతలివాళ్లు ఆమెకు స్తంభం అని పేరు పెట్టారు. పాదరసం మధ్య నుంచి బంతిని నేలకు కొట్టుకుంటూ తెస్తుంది, ఒకరిని ఎడమకి నమ్మించి కుడికి తప్పుకుంటుంది, రింగు కిందికి దూసుకుపోతుంది, వేస్తుంది, పడుతుంది. జనం లేస్తారు. వదిన మూలలోంచి నడుచుకుంటూ వెనక్కి వస్తుంది. ఇన్నేళ్లుగా ఆట ఇదే.

గురువారం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. సోమవారం నుంచి వదినకు రాత్రి షిఫ్టు, పగలు పనిచేసే ఆ బస్సులు కడిగే షెడ్డులోనే. జట్టులో ఆమె చోటు టికెట్ల కౌంటరు అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయిని పిచ్చుక అంటారు. దానికెలాగూ పగటి డ్యూటీయే.

వదినకు చలి పడదు. పోయిన వానాకాలం వరసగా కొన్ని రాత్రులు ఆ షెడ్డులో తడిసేసరికి ఛాతీలో పిల్లికూతలు పట్టుకుని, ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టించుకుని పడుకుంది. డాక్టరు ఒకటే మాట చెప్పాడు, రాత్రిపూట చన్నీళ్లలో ఈవిడ పని చెయ్యకూడదు అని. డాక్టర్ల మాటలు నోటీసు బోర్డుల దాకా రావు కదా.

* * *

ఇంట్లో ఎవరూ పాదరసాన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి వంటింట్లోకీ తిరిగింది. అన్నయ్య చెక్కపని ముగించుకొచ్చి, సంగతి విని, చేతులకంటిన రంపపు పొట్టు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే ఉండిపోయాడు. అమ్మ మాత్రం మనవరాలికి జడ వేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే తీసుకోలేమే."

"తమాషాకి అన్నానమ్మా."

"నేను మాత్రం నిన్నేమన్నాను?"

వదిన ట్రంకు పెట్టెలోంచి పాత స్వెట్టరు తీసి దులుపుతోంది. పాదరసం వెళ్లి ఆమె పక్కన నిలబడింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"మేనేజరు ఇంత పని చేస్తాడనుకోలేదు వదినా."

"నేనూ అనుకోలేదు. ఆ సూది ఇలా ఇయ్యి, మోచెయ్యి దగ్గర చిరిగింది."

"నేను వెళ్లి చెప్తాను ఆయనకి."

"ఏమని చెప్తావు? చెమట పడుతుందనా?"

వదిన గొంతులో కోపం లేదు. అదే పాదరసాన్ని నిలవనివ్వలేదు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చి, వీధిలోకి వెళ్లి, పనేమీ లేకుండా చివరిదాకా నడిచి తిరిగొచ్చింది.

* * *

శుక్రవారం పొద్దున ప్రాక్టీసులో అసలు చోద్యం మొదలైంది. రింగు దగ్గరికి దారి లేదు.

పాదరసం ఎప్పటిలాగే బంతి తెచ్చింది. ఎడమకి నమ్మించింది, కుడికి తప్పుకుంది. ఇక ఎదురుగా ఖాళీ ఉండాలి, ఉంటుంది, ఎప్పుడూ ఉంది. ఇవాళ అక్కడ రెండు భుజాలూ, ఒక మోచెయ్యీ, పిచ్చుక మొహమూ ఉన్నాయి.

"ఇయ్యక్కా, నాకియ్యి," అంటోంది పిచ్చుక, చేతులు చాపి.

బంతి ఎవరిదో మోకాలికి తగిలి బయటికి పోయింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ అంతే. పిచ్చుక మంచి పిల్ల, ఉత్సాహం ఉన్న పిల్ల. బంతి ఎక్కడుంటే అక్కడికి ఎగురుకుంటూ వస్తుంది. వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు, తనను కాస్తున్న మనిషిని వెంటేసుకుని వస్తుంది. రింగు కింద ఉన్న నేలెంత? నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులో కొండక్క ఒకర్తే ఒకటిన్నర మంచం.

"మూల వదలొద్దని చెప్పానా లేదా?" అని అరిచారు మాస్టారు. ఆయన డిపోలో టైం కీపరు. ఒకప్పుడు బాగా ఆడినవాడు, మోకాళ్లు పోయాక విజిల్ పట్టుకున్నాడు.

"అక్కడేం పని ఉంది మాస్టారూ? బంతి ఇక్కడుంటే?" అంది పిచ్చుక, నిజంగానే అర్థంకాక.

"దీనికి బుర్ర లేదు," అంది పాదరసం, చెమట తుడుచుకుంటూ. "తేలిగ్గా నిలబడమంటే అది కూడా చేతకాదు."

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "తేలికా? అయితే నువ్వెళ్లి నిలబడు. పిచ్చుకా, బంతి నువ్వు తీసుకురా."

పాదరసం మూలకు వెళ్లింది. ఒక్క నిమిషం గడిచిందో లేదో అరికాళ్లలో చీమలు పాకడం మొదలెట్టాయి. బంతి అక్కడ, అంత దూరంలో, తను లేకుండా తిరుగుతోంది. పిచ్చుక బంతి పట్టుకోవడం తప్పు, తిరగడం తప్పు, చూడటం తప్పు. అదుగో ఎడమవైపు సందు, దూరవే, దూరవే మొద్దూ అనుకుంటుండగానే తనే పరిగెత్తేసింది. విజిల్ మోగింది.

"ఎందుకొచ్చావు?"

"బంతి ఇక్కడుంది కదా మాస్టారూ."

ముందు పిచ్చుకకు నవ్వొచ్చింది. తర్వాత కొండక్కకు. పాదరసానికి చెవులు వేడెక్కాయి. మాస్టారు నవ్వలేదు. "ఆదివారం కరెంటాఫీసు వాళ్లతో ఆట," అని మాత్రం అన్నారు.

* * *

ఆ మధ్యాహ్నం షెడ్డులో వదినా మరదళ్లిద్దరూ బస్సు కడుగుతున్నారు. ఒకరు నీళ్ల పైపు మూతి పట్టుకుని బస్సు చుట్టూ తిరగాలి. ఇంకొకరు షెడ్డు మూలన నిలబడి, పైపు చక్రాల కింద ఇరుక్కోకుండా ఎత్తిపట్టి అందిస్తుండాలి. మూతి ఎప్పుడూ పాదరసానిదే. అడుక్కోలేదు, ఎవరూ ఇవ్వలేదు, మొదటిరోజు చేతికందింది, అలా ఉండిపోయింది.

పాదరసం బస్సు వెనకవైపుకి తిరిగేసరికి ఉన్నట్టుండి పైపు బిగుసుకుంది. మూతి చేతిలోంచి జారి పాములా ఎగిరి ఆమె మొహం మీదే కొట్టింది. తుడుచుకుని చూస్తే పైపు వెనక చక్రం కింద నొక్కుకుపోయి ఉంది. మూలన వదిన గోడకు చెయ్యి ఆనించి దగ్గుతోంది.

"అయిపోయింది, వచ్చేశాను," అంటూ వదిన వంగి పైపు లాగింది.

పాదరసం కుళాయి కట్టేసింది. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఇన్నేళ్లలో ఈ పైపు ఒక్కసారీ బిగుసుకోలేదన్న సంగతి ఇప్పుడు తోచింది ఆమెకు.

"వదినా, ఆ మూలలో నువ్వేం చేస్తావు?"

"ఎక్కడ, ఇక్కడా?"

"ఆటలో."

"నిలబడతాను."

"ఊరికే చెప్పకు. పిచ్చుక నిలబడలేకపోయింది. నేనూ నిలబడలేకపోయాను."

వదిన తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. చెప్పాలా వద్దా అని చూసి, చెప్పింది. "ఆట మొదలవకముందు అందరూ ఒళ్లు వేడెక్కడానికి బంతులేస్తారు కదా. నువ్వప్పుడు కొండక్కతో కబుర్లాడుతుంటావు. నేను ఆ మూల నుంచే వేస్తాను, అవతలివాళ్ల కళ్లముందే. పడేదాకా వేస్తాను, పడ్డాక కూడా వేస్తాను. నన్ను కాయబోయే మనిషి చూసిందా లేదా అని చూసుకుంటాను. అది ఒక్కసారి భయపడిందా, ఇక ఆటంతా నన్ను వదిలి నీ మీదికి రాదు. విజిల్ వెయ్యకముందే నా ఆట అయిపోతుంది."

"అంతేనా?"

"చేతులు దించకూడదు. బంతి ఇప్పుడే వస్తుందన్నట్టు ఉండాలి. దించితే నమ్మరు."

పాదరసం పైపు మూతిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నీకు బంతి వస్తుందనే అనుకునేదానివా?"

"మొదటి ఏడాది అనుకున్నాను." వదిన లేచింది. ఆ తర్వాత అన్న మాటలు వీపు ఇటు తిప్పి అంది. "నాకూ ఆడాలని ఉండదూ? భుజాలు లాగేస్తున్నా చేతులు దించకుండా నిలబడితే, ఒక్కసారి, పోనీ పొరపాటున ఒక్కసారి ఇటు చూశావా నువ్వు? రింగు తప్ప నీకింకేం కనిపించిందని? పైగా చెమట పట్టదంటావు. నలుగురిలో."

పాదరసం వెళ్లి కుళాయి తిప్పింది. మూలన వదిన పైపు ఎత్తి పట్టుకుంది.

* * *

ఆదివారం ఎండ బాగా కాసింది. షిఫ్టు మారేది సోమవారం గనక వదినను చివరిసారిగా బెంచీ మీద అదనపు మనిషిగా కూర్చోనిచ్చారు. ఆట ముందు ఆమె లేచి, ఎవరూ చెప్పకుండానే, తన మూలకు వెళ్లి బంతులు వేసింది. పాదరసం కబుర్లు మానేసి చూసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తాడు వల చిన్నగా ఊగుతోంది తప్ప రింగు కూడా కదలడం లేదు. కరెంటాఫీసు అమ్మాయి ఒకతి నీళ్ల సీసా నోటిదాకా తెచ్చి తాగడం మరిచిపోయింది.

ఆట మొదలైంది, శుక్రవారం కథే మళ్లీ నడిచింది. పిచ్చుక పాపం నోరు మూసుకుని మూలకు వెళ్తుంది, మనసాగక వచ్చేస్తుంది. పాదరసం దూసుకెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరి ఛాతీకి తగిలి ఆగింది. సగం ఆట అయ్యేసరికి డిపో బాగా వెనకబడింది. మేనేజరు ముందు వరసలో కుర్చీ వేసుకుని పెదవి విరుస్తున్నాడు.

"వదినని దింపండి మాస్టారూ," అంది పాదరసం, ఎగరొప్పుతూ.

"పిచ్చుకని తియ్యొద్దని మేనేజరు గట్టిగా చెప్పాడు. మిగతావాళ్లలో ఎవర్ని తీసినా కష్టమే. ఎవర్ని తియ్యమంటావు?"

పాదరసం అటూ ఇటూ చూసింది. కొండక్క లేకపోతే రింగు కింద దిక్కు లేదు. "నన్ను తియ్యండి. బంతి పిచ్చుక తెస్తుంది."

"మతిపోయిందా?"

"పోయింది. తియ్యండి."

బెంచీ మీద కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. ముళ్ల మీద కూర్చున్నట్టుంది. మోకాళ్లు ఆడుతున్నాయి, వేళ్లు బెంచీ అంచును గీరుతున్నాయి. వదిన నడుచుకుంటూ వెళ్లి మూలలో నిలబడింది. చేతులు పొట్ట ముందుకెత్తి, వేళ్లు విప్పి, అప్పుడే ఎవరో పిలిచినట్టు. నీళ్లు తాగడం మరిచిపోయిన అమ్మాయి వచ్చి ఆమె పక్కన అతుక్కుంది.

పిచ్చుక బంతి తెచ్చింది. ఎడమకి నమ్మించలేదు, కుడికి తప్పుకోలేదు, అవేమీ దానికి రావు. ఊరికే పరిగెత్తింది. ఎదురుగా దారి ఉంది. తెరిచిన తలుపులా, రింగు దాకా. పిచ్చుక వెళ్లింది, వేసింది, పడింది.

పాదరసం మోకాళ్లు ఆగిపోయాయి. ఆ దారి ఆమెకు బాగా తెలుసు. అది తన కాళ్లలోంచి పుడుతుందనుకుంది ఇన్నాళ్లూ. తన వేగం, తన మలుపు, తన తెలివి. కాదు. అది వదిన పరిచి పెడితే ఉండే దారి. ఎవరు పరిగెత్తినా అదే దారి. సిగ్గుతో పాటు, దాచడమెందుకు, కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

పిచ్చుక మళ్లీ వేసింది. జనం లేచారు. మేనేజరు కుర్చీని పాదరసం వైపు జరిపి, సంతోషంగా అన్నాడు. "చూశావా, పిచ్చుక ఎలా ఆడుతోందో. నువ్వు లేకపోయినా సాగిపోతోందే."

"పిచ్చుకని చూడకండి సార్. ఆ మూల చూడండి."

మేనేజరు కళ్లు చిట్లించి చూశాడు. పాపం, నిజంగానే చూశాడు.

"అక్కడేముంది? ఇద్దరు ఊరికే నిలబడ్డారు."

"అదే సార్."

"అదే అంటే?"

పాదరసానికి మొన్నటిదాకా తనకే కనబడనిది ఆయనకు ఎలా చూపించాలో తెలియలేదు.

ఆఖర్లో ఒకరికి కాలు పట్టేస్తే మాస్టారు పాదరసాన్ని లోపలికి పంపారు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఆమె చేతికే బంతి వచ్చింది. ఎడమకి నమ్మించింది, కుడికి తప్పుకుంది. దారి తెరుచుకుంది. ఆ క్షణంలో మూలనున్న అమ్మాయికి ఓపిక నశించింది. ఆటంతా ఈ స్తంభానికి ఎవరు బంతి ఇచ్చారు గనక? వదినను వదిలేసి పాదరసం మీదికి ఉరికింది.

పాదరసం రింగు చూడలేదు. మూల చూసింది. చేతులు అక్కడే ఉన్నాయి. బంతి విసిరింది.

వదిన అందుకుంది, వేసింది. బంతి రింగు అంచున ఒక చుట్టు తిరిగి, మనసు మార్చుకున్నట్టు బయటికి దొర్లింది. కొండక్క చేతికి తగిలి పైకి లేచింది. ఎక్కడినుంచి వచ్చిందో పిచ్చుక, ఎగిరి లోపలికి తోసేసింది. విజిల్ మోగింది.

జనం పిచ్చుకను భుజాల మీదికి ఎత్తుకున్నారు. మేనేజరు కోర్టులోకి వచ్చి దాని వీపు తట్టాడు. మాస్టారుతో, తన లెక్క సరిపోయినవాడిలా అన్నాడు. "పోనీలే అని ఆవిడకి బంతి ఇచ్చినా పడలేదు చూశారా."

ఇంటికి నడుస్తున్నప్పుడు వదిన చేతులు చూసుకుంటూ అంది. "అంత గట్టిగానా ఇవ్వడం? వేళ్లు మండిపోతున్నాయి."

"అలవాటు లేదు వదినా."

"నాకూ లేదు," అంది వదిన. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇల్లు దగ్గరపడేసరికి వదిన నవ్వు దగ్గులోకి దిగింది.

* * *

సోమవారం సాయంత్రం షిఫ్టు మారే సైరన్ కూశాక వదిన స్వెట్టరు తొడుక్కుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని షెడ్డుకు వచ్చింది. లోపల దీపాలు వేశారు. రాత్రి షిఫ్టు పెద్దాయన పైపు మూతి పట్టుకుని మొదటి బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. మూలన రబ్బరు బూట్లు తొడుక్కుని పాదరసం నిలబడి ఉంది.

"నువ్వేంటే ఇక్కడ? నీ డ్యూటీ అయిపోలేదూ?"

"ఇప్పుడే మొదలైంది. పొద్దున్న మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఒకరిని తగ్గించాలి, అంతేగా? నన్ను తగ్గించమన్నాను."

వదిన మఫ్లరు కిందికి లాగింది. "ఆయన ఒప్పుకున్నాడా?"

"పిచ్చా నీకు అన్నాడు. నేను లేకపోయినా సాగిపోతోందని మీరే అన్నారు కదా సార్ అన్నాను. ఆయన మాట ఆయనకే ఎదురొచ్చేసరికి కాసేపు పెన్ను ఆడించి సంతకం పెట్టేశాడు. నీ చోటు నీకే ఉంది. రేపు పొద్దున్న ప్రాక్టీసు."

"ఆట లేకుండా నువ్వుండగలవా?"

పాదరసం పైపు బిగుసుకోబోతే వంగి, చక్రం అంచు మీంచి ఎత్తి అందించింది. బూట్లలో కాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నేలను తడుతూనే ఉన్నాయి.

వదిన వెళ్లలేదు. స్వెట్టరు అంచును వేళ్లతో నలుపుతూ నిలబడింది. కళ్లు తడిసిన సంగతి దాచుకోలేదు. "నిన్ననే కదే మొదటిసారి ఇచ్చావు," అంది. "ఇక నాకు బంతి ఎవరిస్తారు?"

"పిచ్చుకకి చెప్పాను."

"ఇస్తుందా?"

"నాకు ఇన్నేళ్లు పట్టింది. అది నాకన్నా తెలివైంది."

"అమ్మాయ్, పైపూ," అని బస్సు అవతలి నుంచి పెద్దాయన కేకేశాడు.

"ఇదుగో తాతా," అంది పాదరసం. వదిన స్వెట్టరు విప్పి ఆమె భుజాల మీద వేసింది. మరదలి చేతులు ఖాళీ లేవు గనక, మెడ దగ్గర గుండీ కూడా తనే పెట్టి ఇంటికి వెళ్లింది.

పాదరసం పైపు ఎత్తి పట్టుకుని మూలలోనే నిలబడింది.